చెవికి ఆనించిన డిస్కు

వీధి మలుపులో కంప్యూటర్లు బాగుచేసే ఆయన్ని అందరూ డిస్కుల డాక్టరంటారు. ఫ్లాపీల నాటినుంచి పెన్‌డ్రైవుల దాకా ఆయన చేతిలో పడి బతకనిది లేదట. రోడ్డు రోలరు కింద నలిగిన హార్డ్‌డిస్కులోంచి కూడా పెళ్లి ఫొటోలు లాగానని, పెళ్లికొడుకు మీసం ఒక్కటే కాస్త చదునైందని కోతలు కోస్తాడు. ఏ డిస్కు తెచ్చినా కేబుల్ తగిలించి, చెవికి ఆనించి, కళ్లు మూసుకుంటాడు. "టిక్కుటిక్కుమంటే జబ్బు. సన్నగా హుమ్మంటే ఆరోగ్యం" అని కూతురికీ నేర్పాడు.

పోయిన నెల హడావుడిలో, ఎవరివో విహారయాత్ర వీడియోలు దాచడానికి, సొరుగులో చేతికందిన డిస్కును ఖాళీదనుకుని తుడిచి, అంచులదాకా నింపేశాడు. చనిపోయిన భార్య మాటలూ నవ్వులూ ఉన్నది అందులోనే. ఒకదానిమీద ఇంకొకటి ఎక్కించాక ఏ డాక్టరూ వెనక్కి తేలేడని ఆయనకంటే తెలిసినవాడెవడు? కూతురు అడిగినప్పుడల్లా, "డిస్కుకి జబ్బు చేసింది తల్లీ, వైద్యం చేస్తున్నాగా!" అంటూ వచ్చాడు.

నిన్న సాయంత్రం ఆ పిల్ల తనే కేబుల్ తగిలించి, డిస్కును చెవికి ఆనించి, అచ్చం తండ్రిలాగే కళ్లు మూసుకుంది.

"నాన్నా, హాయిగా హుమ్మంటోందిగా! దీనికి జబ్బేం లేదు. మరి అమ్మేది?"

కోతలరాయుడు డిస్కు అందుకుని తన చెవికి ఆనించుకున్నాడు. అది నిక్షేపంగా తిరుగుతోంది.