పెద్ద మలుపులో ముళ్ళకంప

పదిహేనేళ్ళుగా ఒక ముళ్ళకంపను మోస్తున్నాను. బరువెంతని అడిగితే నవ్వుతారు. నాలుగు తుమ్మకొమ్మలు, అంతే. మా ఆవిడకు కూడా చెప్పలేదు. ఇది చదివే మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీ దగ్గర నోరు పెగులుతోందేమో.

మదనపల్లె దాటి వెళ్తే ఒక కొండ ఉంది. ఎండాకాలం జనం చల్లదనానికి వచ్చి ఉండిపోయే కొండ. పైన నాది టిఫిన్ హోటలు. వేసవే మాకు పంట. ఎనభైల మొదట్లో ఒక ఏడు, సరిగ్గా ఆ వేసవిలోనే భూమి కదిలింది. ఒకసారి కాదు, ఆగి ఆగి. అటక మీది గిన్నెలు గలగలమన్నాయి, హోటలు గోడ బీటలిచ్చింది. ప్రాణాలేమీ పోలేదు గానీ ఘాట్ రోడ్డు మీదికి వాలిన బండలు పట్టు తప్పాయన్నారు. విడిదికొచ్చినవాళ్ళంతా సంచులు సర్దుకుని దిగిపోయారు. నేనూ మా ఆవిడా ఈగలు తోలుకుంటూ మిగిలాం.

కొండదారికి కావలి మునస్వామి. నాకంటే పెద్దవాడు, ఎవరినీ పల్లెత్తు మాట అనని మనిషి. బండలు కుదుటపడేదాకా ఎవరినీ ఎక్కనివ్వొద్దని పైఅధికారులు చెబితే, పెద్ద మలుపులో రోడ్డుకు అడ్డంగా కంప వేశాడు. మా వైపు దారికి కంప పడిందంటే ఇక బండి కదలదు. తప్పనిసరి పనున్నవాడు దాన్ని పక్కకు లాగి, దాటి, మళ్ళీ యథాప్రకారం వేసేయాలి. తీసినవాడే వేయాలి. మేకలు కాసే పిల్లలు కూడా తప్పని కట్టు అది.

ఆ పొద్దున మునస్వామి సంగటి తినడానికి ఇంటికి పోయాడు. నేను కూరగాయల మూట సైకిలు మీద పెట్టి, కింద నుంచి తోసుకుంటూ వస్తున్నాను. కంప లాగాను. సైకిలు దాటించాను. తిరిగొచ్చి కంప చేత్తో పట్టుకున్నాను. అక్కడే నిలబడిపోయాను. ఇంట్లో పిండి పులిసి పొంగుతోంది, తినే నాథుడు లేడు. నిన్నా మొన్నా అదురు లేదు కదా? ఇంకేమవుతుంది? అడ్డం లేకపోతే ఒక్క బస్సయినా రాదా? నిజంగా ఇదంతా అప్పుడు అనుకున్నానా, లేక తప్పుకు ఒక సాకు కావాలని ఇప్పుడు అల్లుకుంటున్నానా అని ఎన్నోసార్లు నన్ను నేనే నిలదీసుకున్నాను. అనుకున్నాను. అన్నీ అనుకునే కంపను ఈడ్చుకుపోయి లోయలోకి తోసేశాను. మరచిపోలేదు. చెయ్యి జారలేదు. తోసేశాను.

నేను ఇల్లు చేరానో లేదో, కింద బస్సు హారను వినిపించింది. తిరుపతిలో మొక్కు తీర్చుకుని, గుండ్లకు గంధం పూసుకుని, చల్లగాలి కోసం వస్తున్న చిత్తూరు జనం. నా ప్రాణం లేచివచ్చింది. అంతలోనే కాళ్ళ కింద నేల జలదరించింది.

బండ బస్సు వెనకే పడింది. ఇంకొంచెం ఆలస్యమయితే దాని మీదే పడేది. ముందర రాళ్ళు దొర్లుతున్నాయి. బస్సు ముందుకూ పోలేదు, వెనక్కూ పోలేదు. నేను దూకుతూ పరుగెత్తాను. ఇక్కడ నన్ను నేను మెచ్చుకోకుండా ఉండలేను, ఏమనుకోవద్దు. అందరినీ దింపి మేకలదారి పట్టించాను. అద్దం గుచ్చుకుని చెయ్యి తెగిన ఒక ముసలమ్మను వీపున వేసుకుని ఎక్కాను. మా వెనకాలే ఇంకో బండ వచ్చి బస్సు ముందుభాగాన్ని నుజ్జు చేసింది. అందులో అప్పటికి పురుగు కూడా లేదు!

ఒక్క ప్రాణం పోలేదు. హోటలు ముందర గంధపు గుండ్లన్నీ ఒక్కసారి పైకెత్తి "గోవిందా!" అని అరిచారు, కొండ మార్మోగింది. ఆ పులిసిన పిండితోనే ఇడ్లీలు పెట్టాం. ముసలమ్మ నా తల నిమిరి ఏడ్చింది. ఎవరో నా మెడలో దండ వేశారు. నేనూ గోవిందా అనబోయాను. నోరు తెరుచుకుంది, గొంతు రాలేదు.

పైఅధికారులు బండ పడినచోటి దాకా జీపులో వచ్చి, మేకలదారిన నడిచి ఎక్కారు. దారిలో కంప లేదు. మునస్వామి జనాన్ని తోసుకుని నా దగ్గరికి వచ్చాడు.

"నేను కంప యేసినానబ్బా. పొద్దున కూరగాయలకు దిగినప్పుడు నువ్వు సూసినావు గదా? వీళ్ళకు సెప్పబ్బా."

దండ మెడకు ఒరుసుకుంటోంది.

"నేను యాడ సూసినానన్నా? ఆడ నాకేమీ అగపడలా."

ఆ మాటతో అతని పని పోయింది. కంప వేయని కావలివాడనే పేరు మిగిలింది. పిల్లాజెల్లాతో రేణిగుంట పోయి మూటలు మోసుకున్నాడు. కంప తియ్యడం ఆశ. మరి ఆ మాట? భయమా, దండ మీద మోజా? రెండూ అనుకుంటాను. రెండోదే ఎక్కువ.

ఆ చిత్తూరువాళ్ళు ప్రతి వేసవీ వస్తారు. ఆ ముసలమ్మ కూడా. నన్ను మధ్యలో కూర్చోబెట్టి కథ చెప్పించుకుంటారు. నేను ఎప్పుడూ బస్సు హారను దగ్గరే మొదలుపెడతాను. చివర అందరూ గోవిందా అంటారు. నేను పెదవులు కదుపుతాను.

పోయిన నెల ఉండబట్టలేక రేణిగుంట వెళ్ళాను. గోదాము ముందర మునస్వామి కనిపించాడు. ముసలివాడయ్యాడు. అంతా చెప్పాను, ఏడ్చాను కూడా. అతను తలగుడ్డ విప్పి దులిపి మళ్ళీ చుట్టుకున్నాడు.

"నాకెందుకు సెప్తావబ్బా? నేను కంప యేసింది నాకు తెలుసు. తెలీనిది ఊరికి. పోయి ఊరికి సెప్పు."

నన్ను క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు. అతను మూట ఎత్తుకుని లోపలికి పోయాడు.

అందుకే ముందుగా మీకు చెప్తున్నాను, ఆనక ఊరికి. వచ్చే వేసవి దాకా ఆగలేను. ఆ పొద్దున పెద్ద మలుపులో మునస్వామి కంప వేశాడు. దాన్ని లోయలోకి తోసింది నేను. అతను అడిగితే అబద్ధం చెప్పింది నేను.

ఇంతవరకు రాసి పెరట్లోకి వెళ్ళి నోరు తెరిచాను. "గోవిందా!" అని వచ్చింది. అబ్బ, ఎంత గొంతు! నాదేనా? మళ్ళీ అరిచాను. కొండ తిరిగి పలికింది. ఏమైందోనని మా ఆవిడ గరిటె పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. ఆమెను అరుగు మీద కూర్చోబెట్టి, కంప దగ్గర మొదలుపెట్టాను.