పంపాను, అందిందో లేదో చూడలేదు

1998లో ఫిల్మ్‌నగర్‌లోని ఒక గ్రాఫిక్స్ స్టూడియోలో ప్రోగ్రామర్‌గా ఉండేవాణ్ణి. ఒక పౌరాణిక సినిమా యుద్ధానికి ఎనిమిది కంప్యూటర్లు బొమ్మలు గీసేవి. ఒక్కోటి తను గీసిన ఫ్రేమును మెయిన్ కంప్యూటర్‌కు పంపేది. అక్కడినుంచి అది ఫిల్ముకెక్కేది. ఎక్కాక దిద్దడానికి ఉండదు.

పంపడానికి మేం వాడింది నాన్‌బ్లాకింగ్ సెండ్. బొమ్మ పూర్తిగా వెళ్లేదాకా మెషీన్ ఆగదు. నెట్‌వర్క్‌కు అప్పజెప్పి మరుక్షణమే వేరే పనిలో పడుతుంది. కాకపోతే ఒక నియమం ఉంది. ఆ బొమ్మ ఉన్న మెమరీని, అంటే బఫర్‌ను, పంపడం పూర్తయిందని తెలిసేదాకా ముట్టుకోకూడదు. అందాకా ఆగమని చెప్పే ఆదేశం పేరు వెయిట్.

రిలీజు దగ్గరపడింది. యజమాని నెత్తిమీద కూర్చున్నాడు. చిన్న పరీక్షల్లో వెయిట్ లేకపోయినా బొమ్మలు బాగానే వచ్చాయి. ఆ ఒక్క లైను తీసేశాను. పని చకచకా సాగింది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ప్రివ్యూలో వీరుడి తల ఒక ఫ్రేముది, మొండెం తర్వాతి ఫ్రేముది.

ఫ్రేములు సరిచూసే యాదగిరి బోరబండ నుంచి వచ్చేవాడు. గీసిన మెషీన్‌లోనే ప్రతి ఫ్రేమూ చూసి, రిజిస్టర్లో సంతకం పెట్టేవాడు. యజమాని అతన్నే పిలిచి నిలబెట్టాడు.

"నేను చూసినప్పుడు మంచిగనే ఉండె సార్. నడుమల ఏందో ఖరాబైంది" అన్నాడు యాదగిరి.

యజమాని నావైపు తిరిగాడు. నా ప్రోగ్రాములో తప్పుండదన్నాను. కనీసం తెరిచి చూడకుండా అన్నాను. అతన్ని ఆ పూటే పనిలోంచి తీసేశారు.

నాలుగో రోజు, గీసిన మెషీన్ల డిస్కుల్లో మిగిలిన కాపీలను మెయిన్‌లోని ఫ్రేములతో పోల్చాను. యాదగిరి చూసినవన్నీ శుభ్రంగా ఉన్నాయి. ఒక బొమ్మ సగం వెళ్లేసరికే అదే బఫర్‌లో తర్వాతి బొమ్మ గీయించింది నేనే. సిగ్గుతో చచ్చిపోయాను. వెళ్లి యజమాని దగ్గర ఒప్పుకున్నాను.

"అతనికి నేను కబురు పంపిస్తాలే. ముందు రిలీజు సంగతి చూడవయ్యా" అన్నాడు.

హమ్మయ్య అనుకుని పనిలో పడ్డాను.

మూడు నెలల తర్వాత బోరబండ బస్టాపు దగ్గర నా స్కూటర్ పంక్చరైంది. షాపులో టైరు విప్పింది యాదగిరే. కబురు అందలేదా అని అడిగాను. ఏ కబురూ రాలేదన్నాడు. ఏ స్టూడియోకు వెళ్లినా బొమ్మలు చెడగొట్టింది నువ్వే కదా అని గేటు దగ్గరే తిప్పి పంపారట. తప్పు నాదేనని, నాలుగో రోజే తెలిసిందని చెప్పాను. అతను ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచి, బుడగలు ఎక్కడొస్తాయా అని చూస్తున్నాడు.

"నాలుగు దినాలకే ఎర్కయిందా సార్? ఫిల్మ్‌నగర్ కెల్లి బోరబండ ఎంత దూరముంటది?"

మళ్లీ పనిలో పెట్టిస్తానన్నాను. రానన్నాడు.

ఇప్పుడు నా దగ్గర ఎవరు ప్రోగ్రాం రాసినా, ప్రతి సెండ్ తర్వాత వెయిట్ ఉందో లేదో నేనే చూస్తాను. కబురు చెప్పాల్సి వస్తే నేనే వెళ్లి చెబుతాను. ఈ రెండూ యాదగిరి దగ్గర నేర్చుకున్నవే. అతనికి మాత్రం ఎందుకూ పనికిరాలేదు.