నాయన నమ్మిన వాతావరణ కాగితం

మొన్న ఉదయం, మొదటిసారి ఒంటరిగా విమానం నడుపుకుంటూ పక్క రాష్ట్రం దాకా వెళ్లాల్సిన శిష్యురాలు నా బల్ల ముందుకొచ్చి నిలబడింది. వనపర్తి పిల్ల. చేతిలో వాతావరణ సూచన, ముఖంలో పండగ. "మబ్బే లేదు మేడం, పోనా?" అంది. కాగితం అందుకున్నాను. గాలి ఎటు నుంచి, చూపు ఎంత దూరం ఆనుతుంది, ఏ గంట నుంచి ఏ గంట దాకా, అన్నీ పొడి అక్షరాల సంకేతాల్లోంచి తప్పులేకుండా విడదీసి రాసుకుంది. నాకు మాత్రం గద్వాలలో మా ఇంటి ముందు వీధి కనిపించింది.

మాది మగ్గం ఇల్లు. చీర నేసే ముందు నూలు పడుగును తెల్లవారగానే వీధి పొడవునా సాచి గంజి పట్టించాలి. అది ఆరేదాకా చినుకు పడకూడదు. నాయన గుమ్మంలో నిలబడి, ఒక పోగు వేళ్ల మధ్య నలిపి, అమరచింత వైపు ఆకాశం చూసి, సాచాలో వద్దో చెప్పేవాడు. ఎలా తెలిసిందని అడిగితే నవ్వేవాడు. నేను విమానం నేర్చుకుంటూ సెలవులకు వచ్చిన ఏడాది, మృగశిర కార్తెలో, ఒక పెళ్లివాళ్ల చీరలకు పడుగు సిద్ధంగా ఉంది. గడువు దగ్గర పడింది. అయినా నాయన ఆ పొద్దున పోగు నలిపి, "జర ఆగుదాం" అన్నాడు. సూచనలు చదవడం నాకు అప్పుడే కొత్తగా వచ్చింది. కొత్తగా సైకిల్ నేర్చినవాళ్లు పనిలేకున్నా బజారుకు వెళ్లినట్టు, ఎస్టీడీ బూత్‌కు పరిగెత్తి, విమానం నేర్పే మా క్లబ్బుకు ఫోన్ చేసి, ఆ పూట సూచన రాసుకొచ్చాను. "సాయంత్రం దాంక వాన లేదు నాయినా. సర్కారోళ్లే రాసిండ్రు" అన్నాను. నాయన కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా, బిడ్డ చదివిందని మురిసిపోయి వీధంతా చూపించాడు. పడుగు సాచాం.

పది కొట్టకముందే వాన దంచికొట్టింది. అందరం పరిగెత్తి చుట్టేలోపు గంజి కారిపోయి పోగులు ముద్దకట్టాయి. అమ్మ నా వైపు ఒక్క చూపు చూసి లోపలికి వెళ్లిపోయింది. సిగ్గుతో చచ్చిపోయాను. నాయన జేబులోంచి తడిసిన కాగితం తీసి మెల్లగా అడిగాడు.

"గీ కాగితం ఏ ఊరిది బిడ్డా?"

"హైదరాబాద్‌ది."

"గట్లనా. ఆడ పడలేదేమో మరి."

కాగితం మళ్లీ జేబులో పెట్టుకుని పోగుల దగ్గరికి వెళ్లాడు. విమానాశ్రయం సూచన దాని చుట్టూ కొద్ది మైళ్ల వరకే చెల్లుతుందని నాకు మొదటి పాఠంలోనే చెప్పారు. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. నాలుగు రోజులు నాయన పక్కన కూర్చుని ఆ పోగులు విడదీశాను. పెళ్లివాళ్లు ఆగలేదు, చీరలు వేరే ఇంట తీసుకున్నారు.

"ఇది మనం ఎగిరే ఊరిది. నువ్వు దిగే ఊరిదేది?" అని అడిగాను శిష్యురాలిని. నాలుక కరుచుకుని వెళ్లి అదీ తెచ్చింది. అక్కడ ఆమె దిగే వేళకే ఉరుములు రాసి ఉన్నాయి. మూతి ముడుచుకునే ప్రయాణం మానుకుంది.

నాయన ఇప్పుడు లేడు. వాతావరణ సూచనకు గడువు ఒక రోజు, మహా అయితే ఇంకో పూట. తర్వాత అది చిత్తుకాగితం. ఆ తడి వీధిలో నాయన అడిగిన ప్రశ్నకు మాత్రం పాతికేళ్లయినా గడువు తీరలేదు.