మొదటి బేస్ దగ్గర నేను ఎత్తిన చెయ్యి

పిల్లల ఆటల మీటింగుల్లో నా గురించి ఒక కథ చెప్తుంటారు. కన్నబిడ్డ అని కూడా చూడకుండా ఔటిచ్చిన తండ్రి అని. ఆ కథ నేను కూడా చాలామందికి చెప్పాను. ఔటిచ్చిన మాట నిజం. మిగిలింది నిజం కాదు.

అప్పుడు మాది తూంకుంట. నేను మేడ్చల్‌లో ఒక కంపెనీలో లేత్ మిషన్ మీద పనిచేసేవాణ్ణి. మా అమ్మాయి శామీర్‌పేటలో హైస్కూల్ చదువుతోంది. ఖో-ఖోలో ఎవరికీ దొరికేది కాదు. ఆ ఉరుకుడు చూసి వాళ్ల పీఈటీ సారు ఆమెను బేస్‌బాల్‌లోకి తెచ్చాడు. రెండువేల సంవత్సరం దాటిన కొత్త. మా వైపు ఆ ఆట పేరు విన్నవాళ్లే తక్కువ. నా పక్క మిషన్ అతను ఒకసారి చూడ్డానికి వచ్చి, క్రికెట్‌లో వికెట్లు ఎవరో ఎత్తుకపోయినట్టుందన్నాడు.

షిఫ్టు దిగి వచ్చాక ఇంటి వెనక కొత్త వెంచర్ ప్లాట్లలో ఆమెకు బంతులు వేసేవాణ్ణి. బంతి కొట్టి ఉరికి తొక్కాల్సిన బేస్‌లకు మాకు ప్లాట్ల హద్దురాళ్లే. ఔటైన రోజు ఆమె అన్నం ముట్టేది కాదు. అయిపోయిన బాల్ అయిపోయింది, వచ్చే బాల్ చూడమని చెప్పేవాణ్ణి. అంతకంటే పెద్ద మాటలు నాకు రావు. చెప్పగా చెప్పగా ఆమె ఏడుపు తగ్గింది, అన్నం తినడం మొదలుపెట్టింది. అది నా గొప్పే అనుకునేవాణ్ణి.

జిల్లా జట్టు ఎంపిక మ్యాచ్ మేడ్చల్‌లో పెట్టారు. రెండేళ్లుగా ఆమె ఆ జట్టు కోసమే ఉరుకుతోంది. ఆ రోజు రావలసిన ఇద్దరు అంపైర్లలో ఒక్కరే వచ్చారు. ఆటంతా తెలిసిన తండ్రినని నన్ను మొదటి బేస్ దగ్గర నిలబెట్టారు. కన్ను కాలి మీద పెట్టు, చెవి గ్లవ్ మీద పెట్టు, ఏది ముందో అదే చెప్పు అన్నాడు పీఈటీ సారు. బంతి కొట్టిన పిల్ల బేస్‌ను ముందు తొక్కితే సేఫ్. బంతి ముందుగా అక్కడ నిలబడ్డ అవతలి జట్టు పిల్ల గ్లవ్‌లో పడితే ఔట్.

అవతలి జట్టు పిల్ల తండ్రి ఒకాయన గీత పక్కనే నిలబడి, నాకు వినపడేటట్టే అన్నాడు.

"ఇగ ఆయన బిడ్డను ఔట్ జేసుడు దేవుని తోని గూడ గాదు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ ఆ మాట నాలో ఉండిపోయింది.

చివరి వంతుకు మావాళ్లు ఒక్క పరుగు వెనక ఉన్నారు. మూడో బేస్ మీద మా పిల్ల ఒకతి ఉంది, ఆమె వస్తే లెక్క సమం. ఇంకొక్క ఔటైతే ఆట అయిపోతుంది. మా అమ్మాయి కొట్టిన బంతి నేల మీద దొర్లుకుంటూ పోయింది. ఆమె ఉరికింది. ఇసుక నింపిన యూరియా సంచే అక్కడ బేస్. ఆమె కాలు పడగానే సంచి మీది దుమ్ము లేవడం చూశాను. ఆ తర్వాత గ్లవ్‌లో బంతి చప్పుడు విన్నాను.

పిడికిలి ఎత్తి ఔట్ అన్నాను.

ఆమె నా ముఖం వైపు ఒకసారి చూసింది. వాదించలేదు. సంచి పక్కకు జరిగితే కాలితో సరిచేసి, వెళ్లి అవతలి జట్టు పిల్లలందరికీ చెయ్యి కలిపింది. ఇందాక నవ్వించినాయన వచ్చి నా రెండు చేతులు పట్టుకున్నాడు. అన్నా, నీ అసొంటోడు ఉండడన్నాడు. సాయంత్రం చదివిన లిస్టులో మా అమ్మాయి పేరు లేదు.

స్కూటర్ మీద ఇంటికి తిరిగి వస్తూ శామీర్‌పేట చౌరస్తా దాకా వచ్చాం. అక్కడ లారీలు పోయేదాకా ఆగినప్పుడు వెనక నుంచి అడిగింది.

"నాయినా, ముందు నా కాలు పడ్డదా, బాల్ పడ్డదా?"

"బాలే బిడ్డా."

ఇంటి దగ్గర దిగాక, పొద్దుగాల జల్దీ లేపమంది. ఉరకాలంది. ఆ రాత్రి అన్నం తిన్నది. నేనే తినలేకపోయాను.

మరుసటి ఏడు ఆమెకు జిల్లా జట్టులో చోటు వచ్చింది. ఆ తర్వాత రాష్ట్ర జట్టుకూ ఆడింది. ఇప్పుడు తనే పీఈటీ టీచర్. ఈ మధ్య వాళ్ల స్కూల్లో తల్లిదండ్రుల ముందు నన్ను పరిచయం చేస్తూ ఎవరో మళ్లీ అదే కథ చెప్పారు. చప్పట్లు కొట్టారు. ఆమె కొట్టలేదు. ఇంటికొచ్చాక ఇక ఆగలేక చెప్పేశాను, ఆ రోజు నువ్వు సేఫ్ అని.

"నాకెరుకే నాయినా. దుమ్ము నేను గూడ జూసిన."

మరి ఇన్నేళ్లు ఎందుకు అనలేదన్నాను.

"అడిగిన గదా చౌరస్తా కాడ. నువ్వు నిజం జెప్పలే. గా దినం సంది ఒకటే అనుకున్న. నీ అసొంటి అంపైర్ ఉన్నా ఔట్ ఇయ్యరాకుండ ఉరకాలె అని."

నవ్వుతూనే అన్నది. నేను తల ఎత్తలేకపోయాను. ఆమెకు ధైర్యం నేర్పింది నేనని ఇన్నేళ్లూ చెప్పుకుంటూ తిరిగాను. నలుగురు ఏమంటారోనన్న నా భయాన్ని మోసుకుంటూ ఉరికింది ఆమె. అయినా నా బిడ్డే కదా అని లోపల పొంగిపోయాను, అదీ దాచను.

క్షమించమని అడగబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"నాకు జెప్పుడు గాదు. నువ్వు ఎవరెవరికి జెప్పినవో వాళ్లకు జెప్పు."

వాళ్లందరి ఇళ్లు నాకు తెలియవు. అందుకే రాస్తున్నాను. ఆ రోజు మేడ్చల్‌లో మొదటి బేస్ దగ్గర నా కూతురు సేఫ్. నేను చూశాను.