జనుము చేను మీద వల

మొన్న ఉదయం పేపరు తిరగేస్తుంటే ఓ చిన్న రెక్కల పురుగు వచ్చి నేను చదువుతున్న వార్త మీదే వాలింది. గోరంత ఉంటుంది, మీగడ రంగు రెక్కల నిండా ఎర్రచుక్కలు, వాటి మధ్య నల్లచుక్కలు, ఎవరో తీరిగ్గా కూర్చుని కుంకుమా కాటుకా అద్దినట్టు. ఆఫ్రికా నుంచి మన దేశం దాకా ఈ జాతి ఉంటుందని ఎప్పుడో చదివాను గానీ, నాకు మాత్రం ఇది కృష్ణపట్నం దగ్గర మా మేనత్త జనుము చేలో పురుగే.

కొత్తగా విలేకరినైన రోజుల్లో, ఆ తీరానికి వార్తల కోసం వెళ్లినప్పుడల్లా అత్త గుడిసెలోనే నా మకాం. మామ పోయాక ఆమె ఒంటరిది. జనుము నార తీసి, తొడ మీద పురిపెట్టి, వలలకు దారం పేనేది. ఒకప్పుడు జాలర్ల పాలెం అంతా ఆ దారం కోసం ఆమె గుమ్మంలో కూర్చునేది. నైలాను వచ్చాక ఆమె మరిది ఒక్కడే మిగిలాడు, అదీ పాత అలవాటు కొద్దీ. వచ్చి కాసేపు కూర్చుని, వేట కబుర్లు చెప్పి వెళ్లేవాడు. అత్తకు ఆ రోజే పండగ.

నార కోసం జనుమును పూతలోనే కోసేసి, మరుసటేటి విత్తనానికి రెండు చాళ్లు వదిలేసేది. ఆ ఏడు ఆ రెండు చాళ్ల మీదే చుక్కల పురుగులు గుడ్లు పెట్టాయి. నలుపూ తెలుపూ కలిసి, ఎర్రమచ్చలున్న గొంగళిపురుగులు ఆకులు తిని, కాయలకు బెజ్జాలు చేసి లోపలి గింజలు తినసాగాయి. విత్తనం పోతే దారం లేదు, దారం లేకపోతే మరిది రాడు. అత్తకు తెలిసిన ఉపాయం ఒకటే గనక, మామ పాత వల తెచ్చి చేను మీద పరిచింది.

"ఏం వదినా, సముద్రం చాల్లేదా, చేలో వేట పెట్టినావా?" అన్నాడు మరిది.

"నీ పడవలోకన్నా ఈడే ఎక్కువ పడతాయిలే అబ్బయా, బుట్ట తెచ్చుకో" అంది అత్త.

చేపల కోసం అల్లిన వల కన్నుల్లోంచి ఆ గోరంత పురుగులు హాయిగా వచ్చిపోయాయి. కాయలు ఎండాక అత్త ఒక్కో కొమ్మా ఊపి చూసింది. గలగలమనవలసిన కాయల్లో చప్పుడే లేదు.

ఉన్న నార అయిపోయి, దారం ఆగిన ఆ కొన్ని నెలల్లో మరిది నైలానుకు మారాడు. గూడూరులో విత్తనాలు కొని తెస్తానని నేనంటే, "ఇంకెవురికి పేనేదిరా?" అని నవ్వేసింది. వాళ్ల మధ్య పొట్లాటేమీ లేదు. ఇవ్వడానికి దారం లేక ఈమె పిలవలేదు, అడగడానికి పని లేక ఆయన రాలేదు.

మా తరం వాళ్లకు తెలుసు, ఆ రోజుల్లో ఎవరింటికైనా వెళ్లాలంటే దారమో, గుప్పెడు ఉప్పో, ఏదో ఒక సాకు ఉండేది. ఇప్పుడు పనులన్నీ ఫోనులోనే అయిపోతున్నాయి. ఏ సాకూ దొరక్క, నేనూ ఎవరి గుమ్మమూ ఎక్కి చాలా కాలమైంది.