ముందు కింద చూడమన్న మేడమ్

ఆదోని కాలేజీలో మాకు స్టాటిస్టిక్స్ చెప్పిన మేడమ్ మొన్న మంగళవారం కన్నుమూశారు. గ్రూపులో మెసేజ్ చూసి నమ్మబుద్ధి కాలేదు. ల్యాబ్ అటెండరన్నకు ఫోన్ చేస్తే, "నిజమేమ్మా, నిద్దర్లోనే పోయింది మహాతల్లి" అని ఏడ్చేశాడు.

నేను ఎమ్మిగనూరులో మగ్గం ఇంటి పిల్లను. ఇంటర్ దాకా తెలుగు మీడియం. డిగ్రీలో కంప్యూటర్ మీద 'ఆర్' అనే ప్రోగ్రామ్‌తో గణాంకాలు చేయాల్సి వచ్చింది. మొదటిసారి ప్రాక్టికల్ తప్పాను. "ఈ తూరి గూడా తప్పితే సదువు సాలు. వచ్చి మగ్గం మీద కూసో" అని మా నాయన తేల్చి చెప్పాడు. మగ్గమంటే నాకు చులకన లేదు గానీ, చదువు మీద ప్రాణం ఉండేది.

మేడమ్‌కు ఒక అలవాటు ఉండేది. ల్యాబ్‌లోకి వస్తూనే నెట్ వైరు పీకేసేవారు. "నెట్టు పోతే మీ బుర్ర గూడా పోతాదా? సమాధానం ఈ కంప్యూటర్ కడుపులోనే ఉండాది" అనేవారు. ఏమడిగినా ఒకటే మాట: "నన్నడగొద్దు, దాన్నడుగు." అబ్బ, ఒళ్లు మండేది! మేమేమో బడిలో అలవాటైనట్టు మాట రాసి చివర్లో ప్రశ్నార్థకం పెట్టేవాళ్లం. అది కదిలేది కాదు. ఆమె పగలబడి నవ్వి, "ఈడ గుర్తు ముందు, మాట ఎనక. కమాండ్ పేరు తెలిస్తే ఒక గుర్తు పెట్టు, తెలీకపోతే రెండు పెట్టి ఎతుకు" అనేవారు.

అట్లా అడిగితే తెరుచుకునేది ఇంగ్లీషు సహాయ పేజీ. మొదటి వాక్యానికే నాకు చెమటలు పట్టేవి. ఒకరోజు ఉగ్గాని టిఫిన్ డబ్బా నా ముందుకు జరిపి పక్కన కూర్చున్నారు.

"మీ నాయన కొత్త డిజైన్ ఎట్ల నేర్సుకుంటాడు?"

"నేసిన గుడ్డ సూసి, మేడమ్."

"మరింకేం! ఈ పేజీ అడుగున గూడా నేసిన గుడ్డ ఉంటాది. ముందు అది సూడు. పైనుండేది నిదానంగా సదువుకుందువు."

అడుగున ఉదాహరణలు ఉన్నాయి. ఉన్నదున్నట్టు నడిపించి, తర్వాత ఒక్కో పేరు తీసి మనది పెట్టుకోవాలి. ఈరోజు ఆఫీసులో నేను తినే అన్నం ఆ పూట ఆమె పెట్టిందే.

మళ్లీ ప్రాక్టికల్ వచ్చింది. మండలాల వారీగా పత్తి దిగుబడి సగటు తీయాలి. కమాండ్ పేరు ఎంతకీ గుర్తు రాలేదు. తలెత్తితే ఎదురుగా మేడమ్. ఒక్క మాట చాలు. ఆమె నన్ను చూశారు, చూసి కిటికీ వైపు తిరిగిపోయారు. ఎంత రాతిగుండె అనుకున్నాను. కళ్లనీళ్లతోనే రెండు ప్రశ్నార్థకాలు పెట్టి, ఉపసమితికి ఇంగ్లీషులో గుర్తున్న 'సబ్‌సెట్' అన్న మాట కొట్టాను. వచ్చిన పేర్లలో కావలసింది దొరికింది. పేజీ తెరిచి నేరుగా అడుగుకు దిగాను. ఉదాహరణలో నా పేర్లు పెట్టాను. తుగ్గలి, కృష్ణగిరి, అన్ని మండలాల సగటులూ తెర మీద వరసగా పడ్డాయి.

బయటికొచ్చాక ఉండబట్టలేక అడిగేశాను. "నా మొగం సూసి గూడా అట్ల తిరుక్కున్నారేం మేడమ్?"

"ఇంకొంచేపు సూసింటే సెప్పేసేదాన్నమ్మా" అన్నారు.

నా కళ్లు తుడవడానికి చేయి చాపి, మధ్యలోనే ఆగిపోయారు. అరచేయి నిండా కిటికీ ఊచల తుప్పు, చెమటకు తడిసి ఎర్రగా అంటుకుని ఉంది.