నూట ఎనిమిది చుట్ల చక్రం

వృత్తాల లెక్కల్లో వచ్చే పై విలువ ఇరవై రెండు బై ఏడు అని బడిలో చెబితే, ముప్పై ఐదేళ్లు వచ్చేదాకా అక్షరాలా నమ్మిన తెలివి నాది.

తొంభైల మొదట్లో ఫిల్మ్‌నగర్‌లో సినిమా టైటిల్స్ రాసే చిన్న స్టూడియోలో ఉండేవాణ్ణి. కుంచె పక్కన పెట్టి కంప్యూటర్ ముందు కొత్తగా కూర్చున్నాను. మొదటి పని ఒక నిర్మాతగారి బ్యానర్ గుర్తు. నడుమ దీపం ఉన్న చక్రం నూట ఎనిమిది చుట్లు తిరిగి నిటారుగా ఆగాలి.

"అన్ని చుట్లు ఎవరు లెక్కపెడతారండీ?" అన్నాను.

"దేవుడు," అన్నారాయన.

ప్రోగ్రామ్ రాశాను. చక్రం తిరిగి తిరిగి, నూనె ఒలికిపోయేలా పక్కకి ఒరిగి ఆగింది.

"ఏంటండీ ఇది! నా దీపం తాగొచ్చి నిలబడ్డట్టుంది!"

శుక్రవారానికి సరిచేయకపోతే పని వేరేచోటికి, నేను మళ్లీ కుంచె దగ్గరికి. ఆ వారమంతా ఆయన నన్ను అందరి ముందూ "వంకర మాస్టారూ" అనే పిలిచారు. చివర నిటారుగా ఉంటుందని మొదట్లోనే దీపాన్ని కాస్త వంచి చూశాను. ఆగడం బాగానే ఆగింది, బయల్దేరడమే తాగి బయల్దేరింది.

గురువారం, షేక్‌పేట నుంచి వచ్చి మా దగ్గర టైపు చేసే అమ్మాయి నా భుజం మీదుగా చూసింది. బీఎస్సీ లెక్కలు చదివిన పిల్ల.

"గిదేంది సార్, ఇరవై రెండు బై ఏడు పెట్టిండ్రు? అది జర ఎక్కువైతది. ఒక్క చుట్టుకు కానరాదు గానీ, నూట ఎనిమిదికి గిట్లనే ఒరుగుతది."

"మరి అసలు విలువ ఎక్కడ దొరుకుతుందమ్మా?"

"మీరు ప్రోగ్రామ్ రాసే భాషలనే ఉంటది. పై అని కొట్టుండ్రి, చాలు."

రెండే ఇంగ్లీషు అక్షరాలు కొట్టాను. మూడు, చుక్క, ఒకటి, నాలుగు, ఒకటి, ఐదు, తొమ్మిది... తెర మీద అంకెలు బారులు తీరాయి. నా మొహం ఎన్నడూ చూడని వాళ్లెవరో, ఎప్పుడో ఒకనాడు నాకో వృత్తం అవసరపడుతుందని తలచి, దీన్ని ముందే అమర్చిపెట్టారు. జూబ్లీహిల్స్ కార్ల చక్రాలకీ, మా ఇంటి అట్లపెనానికీ ఇదే అంకె. దీనికి వేరే విలువ ఇవ్వబోతే యంత్రం ససేమిరా అంది. పైవాడి లెక్క నాకు తెలియదు గానీ, పై లెక్క మాత్రం తప్పలేదు.

శుక్రవారం దీపం నిటారుగా ఆగింది. నిర్మాతగారు చెంపలు వేసుకున్నారు. ఏం చేశానో చెప్పాను.

"ఆ అంకె మొత్తం రాసివ్వండి, పూజగదిలో పెట్టుకుంటాను. సగం సగం వద్దు."

"మీ చేత్తో రాసుకుంటేనే మంచిదండీ," అని కాగితాలు ఇచ్చి, ఆ అమ్మాయి దగ్గరున్న లెక్కల పుస్తకం తెరిచి, అందులో పేజీలకొద్దీ ఉన్న ఆ అంకెలను చదవసాగాను. మూడో కాగితం నిండేసరికి ఆయన చెయ్యి విదిలించుకున్నారు.

"ఇంకా ఎంతుందండీ?"

"ఇంటర్వెల్ కూడా రాలేదు సార్," అన్నాను.